ఇంట్లో కారు కట్టి చూడు!

నెల్లిమర్ల: ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పెరట్లో ఫైబర్ కారు కట్టే పని వారికి తెలిసి ఉంటే ఆ సామెతకు మూడో ముక్క కూడా చేర్చేవారేమో! పాత ఇంజను, నాలుగు చక్రాలు, పైన ఫైబర్ బాడీ. చెప్పడానికి ఇంతే. చేయడానికి దిగితే డబ్బు, ఓపిక రెండూ హరించుకుపోతాయి.

ఇది అమెరికా కుర్రకారు మొదలుపెట్టిన సరదా. 1932 నాటి ఫోర్డు వంటి పాత కార్లకు పెద్ద ఇంజన్లు బిగించి ‘హాట్ రాడ్’ అన్నారు. మంచి రేకు బాడీలు దొరకడం కష్టమయ్యాక అదే ఆకారాన్ని ఫైబర్‌తో తీయసాగారు. మన దేశంలోనూ 1982లో బెంగళూరు సిపాని సంస్థ ఫైబర్ బాడీతో డాల్ఫిన్ కారు తెచ్చింది. మరుసటి ఏడాది చివర మారుతి 800 వచ్చాక దాని ముందు నిలవలేకపోయింది.

ఫైబర్ మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. చంపావతి సముద్రంలో కలిసే కోనాడ వైపు తీరంలో మత్స్యకారులు వాడే ఫైబర్ పడవలు అందరూ చూసినవే. గాజుపీచు చాపను రెసిన్‌తో తడిపి పొరలు పొరలుగా పరిస్తే అదే గట్టిపడుతుంది. అయితే పడవకు తలుపులుండవు. అర అంగుళం అటూ ఇటూ అయినా నీటిపై తేలుతుంది. కారు విషయంలో అది కుదరదు.

ముదిరే పాకం

రెసిన్ గట్టిపడేందుకు కలిపే హార్డనర్ నూటికి ఒకటి, రెండు పాళ్లకు మించదు. మన వేసవి ఎండలో కొలత కాస్త ఎక్కువైతే, బెల్లం పాకం ముదిరినట్టు రెసిన్ డబ్బాలోనే వేడెక్కి గడ్డకడుతుంది. తక్కువైతే రోజుల తరబడి చేతికి అంటుకుంటూనే ఉంటుంది. వానాకాలంలో తేమ పీల్చిన చాపకు రెసిన్ సరిగా పట్టదు.

త్వరగా గట్టిపడేందుకు వేసే కోబాల్టును, హార్డనర్‌ను నేరుగా కలపడం ప్రాణాపాయం. రెండూ కలిస్తే పేలుతాయి. ఒకటి రెసిన్‌లో పూర్తిగా కలిశాకే రెండోది వేయాలి. రెసిన్ ఆవిరి, అరగదీసేటప్పుడు లేచే గాజుపొడి ఊపిరితిత్తులకు చేటు. ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే సరిపోదు. మూసిన గదిలో, పొయ్యి దగ్గర, పిల్లలు తిరిగే చోట ఈ పని తగదు.

కలవని తలుపులు

గట్టిపడేటప్పుడు ఫైబర్ కొంత కుంచించుకుపోతుంది. తొందరపడి అచ్చులోంచి తీస్తే వంకర పోతుంది. నేలమీద చక్కగా మూసుకున్న తలుపు, బాడీని చాసిస్‌పై బిగించాక అంచుకు రాసుకుంటుంది. అందుకే లోపల ఇనుప గొట్టాలతో చట్రం కట్టి, బాడీని చాసిస్‌పై నిలిపిన తర్వాతే తలుపులు అమర్చాలి.

చాసిస్ వద్ద మరో చిక్కు. అంబాసిడర్‌కు, ప్రీమియర్ పద్మినికి విడిగా చాసిస్ లేదు. రేకు బాడీయే బరువు మోస్తుంది. దాన్ని కోసేస్తే మొదటికే మోసం. విడి చాసిస్ ఉన్న పాత జీపు ఈ పనికి నయం.

అన్నీ కుదిరాయనుకున్నాక లైట్లు వెలగవు! రేకు బండికి బాడీయే ఎర్తు. ఫైబర్‌లో కరెంటు పారదు కనుక ప్రతి దీపానికీ, మీటరుకూ వేరే ఎర్తు వైరు లాగాలి.

అసలు గండం

ఇవన్నీ దాటినా బండి రోడ్డెక్కడం దుర్లభం. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేనిదే రోడ్డుపై నడపరాదు. తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నంగా బండిని మార్చడం చెల్లదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. కొత్త నమూనా అనిపించుకోవాలంటే పుణెలోని ఏఆర్‌ఏఐ వంటి సంస్థల పరీక్షలు నెగ్గాలి. ఒక్క బండి కోసం ఆ ఖర్చు భరించడం సామాన్యుడి వల్ల కాదు. ఈ సంగతి చివర్లో తెలుసుకుంటే, ఇంటిల్లిపాదీ కూడబెట్టిన సొమ్ముతో కోళ్లకు గూడు కట్టినట్టే!

హైదరాబాదుకు చెందిన సుధాకర్ క్రికెట్ బంతి, బర్గర్ వంటి ఆకారాల్లో కార్లు చేశారు. 2005లో భారీ ట్రైసైకిల్‌తో గిన్నిస్ పుస్తకానికెక్కారు. బహదూర్‌పురాలో మ్యూజియం పెట్టి తన బండ్లను జనానికి చూపిస్తున్నారు. అలాంటి బండికి తగిన చోటు ప్రదర్శనశాలే.

కనుక సరదా ఉన్న యువకులు రెసిన్ కొనే ముందే రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మంచిది. చేయి తిరగడానికి ముందుగా పగిలిన నీటి తొట్టికో, చిల్లుపడిన పడవకో అతుకు వేసి చూడవచ్చు. ఆ పనికి పర్మిట్టు అక్కర్లేదు, పైగా కూలీ కూడా గిట్టుతుంది.