ప్లేటు తిరుగుతుంది, పులుసు వేడెక్కదు

మైక్రోవేవ్ ఓవెన్ తలుపు తీసి చూస్తే, చాలా మోడళ్లలో కుడివైపు గోడకు అరచేతిలో పట్టేంత రేకు ఒకటి కనిపిస్తుంది. బూడిద రంగు, కాస్త తళుకు. ప్యాకింగ్ అట్ట అనుకుని పీకేసేవాళ్లూ ఉన్నారు. అది అభ్రకం. మెకానిక్కులు మైకా షీటు అంటారు. నెల్లూరు సీమకు ఇది పరాయి సరుకు కాదు. గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి ప్రాంతాల రాళ్లలో దొరికే ఆకుపచ్చ ఛాయ అభ్రకం ఒకప్పుడు ఓడలెక్కి దేశాలు తిరిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో రేడియో పరికరాల కెపాసిటర్లకు అభ్రకం కీలకమైన సరుకు. ఆ సరుకు ఎక్కువగా భారతదేశం నుంచే వెళ్లింది. ఓవెన్‌లో తరంగాలను పుట్టించే మాగ్నెట్రాన్ కూడా ఆ యుద్ధం నాటిదే. 1940లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ రాండాల్, హ్యారీ బూట్ రాడార్ కోసం దానికి రూపమిచ్చారు. దానితో వంట చేయవచ్చని 1945లో గ్రహించినవాడు అమెరికాలోని రేథియాన్ కంపెనీ ఇంజనీరు పెర్సీ స్పెన్సర్. రెండేళ్లకు అమ్మకానికి వచ్చిన మొదటి ఓవెన్ మనిషెత్తు ఉండేది, బరువు దాదాపు 340 కిలోలు. ఆత్మకూరు వంటింటి గట్టు మీద ఇమిడిపోయిన ఇప్పటి ఓవెన్‌లోనూ పనిచేసే సూత్రం అదే.

మాగ్నెట్రాన్‌లో పుట్టిన తరంగాలు ఒక రేకు గొట్టం గుండా లోపలి అరలోకి వస్తాయి. ఆ ద్వారానికి తెర ఈ అభ్రకం. తరంగాలకు అడ్డు పడదు, వేడికి చెదరదు, కరెంటును పారనివ్వదు, ఆవిరినీ నూనె చుక్కలనూ మాత్రం అవతలికి పోనివ్వదు. చేపల పులుసు మూత లేకుండా వేడిచేసే ఇంట్లో ఆ తెర మీద ఏం చేరుతుందో చెప్పనక్కర్లేదు. నూనె, ఉప్పు, చింతపండు గుజ్జు కలిసిన మరక తరంగాలను పీల్చుకుని కాలి బొగ్గవుతుంది. బొగ్గులో కరెంటు పారుతుంది. ఇక అక్కడ చిటపటలు, మెరుపులు, మాడు వాసన. ఓవెన్ పేలిపోతుందేమోనని ఇంటిల్లిపాదీ హడలిపోతారు.

నిజానికి ఇది ఓవెన్ జబ్బుల్లోకెల్లా చవకది. ప్లగ్గు తీసి, చల్లారాక తడిగుడ్డతో తుడిస్తే సగం కేసులు అక్కడే తేలిపోతాయి. రేకు నల్లబడి చిల్లు పడితే మార్చాల్సిందే. ఇప్పటి షీటు గనిలోంచి ఒలిచిన ఒకే పలక కాదు. మైకా పొడిని రెసిన్‌తో అతికించి ఒత్తింది. అందుకే పాత ముక్కను కొలతగా పెట్టుకుని కత్తెరతో కత్తిరించుకోవచ్చు. రేకు లేకుండా మాత్రం ఓవెన్ ఆన్ చేయకూడదు. మెరుపులకు ఇంకో కారణం లోపలి గోడల పెయింటు పెచ్చులూడటం. అంచుకు బంగారు గీత ఉన్న కప్పు, అల్యూమినియం ఫాయిల్ ముక్క, మరిచిపోయిన స్టీలు చెంచా కూడా అంతే పని చేస్తాయి.

మెకానిక్కులకు ఎక్కువగా వచ్చే ఫోను మాత్రం ఇంకో రకం. “అన్నా, ప్లేటు తిరగతా ఉండాది, లైటు ఎలగతా ఉండాది, అన్నం మాత్రం చల్లగానే ఉండాది.” వినడానికి వింతే గానీ, ఇందులో కావాల్సిన సమాచారమంతా ఉంది. లైటు, ప్లేటు, ఫ్యాను మామూలు ఇంటి కరెంటు మీద నడుస్తాయి. మాగ్నెట్రాన్‌కు అది చాలదు, దాదాపు 4,000 వోల్టులు కావాలి. ట్రాన్స్‌ఫార్మర్ కరెంటును 2,000 వోల్టుల చిల్లరకు పెంచుతుంది. కెపాసిటర్, డయోడ్ కలిసి దాన్ని రెట్టింపు చేస్తాయి. ఈ వరసలో ఎక్కడ తెగినా లైటు వెలుగుతూనే ఉంటుంది, వేడి పుట్టదు. వేడి లేకుండా గుర్రుమనే శబ్దం మామూలు కంటే పెద్దగా వస్తుంటే మొదట డయోడ్‌ను అనుమానించాలి. అదేమీ ఖరీదైన భాగం కాదు. మాగ్నెట్రాన్ పోతే మాత్రం కొత్త ఓవెన్ ధర కనుక్కుని, ఆ తర్వాతే బేరం మొదలుపెట్టాలి.

అసలు చెడిపోకుండానే చెడినట్టు కనిపించే సందర్భం ఒకటుంది. నిబంధనల ప్రకారం ఇంటికి వచ్చే కరెంటు 230 వోల్టులు. 6 శాతం అటూ ఇటూ ఉండొచ్చు, అంటే సుమారు 216 నుంచి 244. లైను చివరి ఇంట్లో, వేసవి రాత్రి ఊరంతా ఏసీలు, కూలర్లు వేసిన వేళ అంతకంటే కిందికి పడితే ఓవెన్ నీరసిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ రకం ఓవెన్‌లో వోల్టేజీ పదో వంతు తగ్గితే వేడి పదో వంతు కంటే ఎక్కువే తగ్గుతుంది. పొద్దున బాగా పనిచేసి రాత్రి మొండికేసే ఓవెన్‌లో మార్చాల్సిన భాగమేదీ ఉండకపోవచ్చు.

దీన్ని తేల్చుకోవడానికి మీటర్లేమీ అక్కర్లేదు, థర్మామీటరు చాలు. గాజు గిన్నెలో లీటరు నీళ్లు పోసి, కలిపి, వేడి ఎంతో చూడాలి. ఫుల్ పవర్‌లో సరిగ్గా ఒక్క నిమిషం పెట్టి, తీసి, మళ్లీ కలిపి చూడాలి. ఎన్ని డిగ్రీలు పెరిగిందో దాన్ని 70తో గుణిస్తే ఓవెన్ ఆహారానికి అందిస్తున్న వాట్లు వస్తాయి. ఉదయగిరి ఎండాకాలంలో కుళాయి నీళ్లు 34 డిగ్రీలుండి, నిమిషం తర్వాత 44కు చేరాయనుకుందాం. పది డిగ్రీలు, 700 వాట్లు. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి దాదాపు 4,190 జౌళ్లు కావాలి, నిమిషానికి అరవై సెకన్లు. ఆ 70 వచ్చింది అక్కడి నుంచే. డబ్బా మీద 800 అని రాసి ఉండి లెక్క 700 చూపితే గాభరా పడనక్కర్లేదు. 400 చూపితే ఇదే పరీక్ష తెల్లవారుజామున ఇంకోసారి చేయాలి. అప్పుడు లెక్క పెరిగితే తప్పు లైనుది.

తలుపు సంగతి వేరు. గొళ్లెం వెనక సాధారణంగా మూడు చిన్న స్విచ్చులుంటాయి. రెండు స్విచ్చులు తలుపు తీయగానే కరెంటును తెంచుతాయి. మూడోది ఆ రెండింటికీ కాపలా. అవి అతుక్కుపోయి తెంచకపోతే, అది కావాలనే షార్ట్ చేసి ఫ్యూజు కొట్టేస్తుంది. తలుపు తీసి ఉండగా ఓవెన్ నడవకూడదన్నదే దీని ఉద్దేశం. స్టాప్ నొక్కకుండా నడుస్తున్న ఓవెన్ తలుపు లాగేసే అలవాటుంటే స్విచ్చు కొనలు నిప్పురవ్వలకు కాలి అతుక్కుంటాయి. ఫ్యూజు మార్చిన వారానికే మళ్లీ పోయిందంటే ఫ్యూజును కాదు, ఈ స్విచ్చుల్ని చూడాలి. మెయిన్ బోర్డులో ఫ్యూజు పోతే నాలుగు రాగి తీగలు చుట్టే అలవాటు మనకుంది. ఆ పని ఇక్కడ చేస్తే కాపలావాణ్ణి కట్టేసినట్టే.

తలుపు అద్దంలోని జల్లెడ రంధ్రాలు మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు. తరంగం పొడవు 12 సెంటీమీటర్ల పైన. అందుకే వెలుతురు బయటికొస్తుంది, తరంగం రాదు. సెల్‌ఫోన్ లోపల పెట్టి, ఫోన్ చేసి, మోగితే ఓవెన్ లీకవుతోందని తేల్చే పరీక్ష ఒకటి ప్రచారంలో ఉంది. అది తప్పు పరీక్ష. అతి బలహీనమైన సిగ్నల్‌కు కూడా ఫోన్ మోగుతుంది, ఆ మాత్రం మోతతో ఓవెన్ భద్రత తేలదు. తలుపు వంగిందా, మడతబందులు వదులయ్యాయా, అంచున జిడ్డు పేరుకుందా అన్నవి చూడటం మేలు.

కొన్నింటికి మెకానిక్కును పిలవడమే దండగ. ప్లేటు ఒకసారి కుడికి, మరోసారి ఎడమకు తిరగడం లోపం కాదు. కింది చిన్న మోటారు ఏ దిక్కున మొదలైతే ఆ దిక్కునే తిరుగుతుంది. మీడియం పవర్‌లో మధ్యమధ్య టక్కుమని గుర్రు ఆగడమూ అంతే, మాగ్నెట్రాన్‌ను ఆపుతూ వేస్తూ పవర్ తగ్గించడం దాని పద్ధతి. వంట అయ్యాక ఫ్యాను ఇంకాసేపు తిరిగేది లోపలి వేడి పోవడానికి. బటన్లు పలకకపోతే చైల్డ్ లాక్ పడిందేమో చూడాలి. వెచ్చదనానికి వెనక జాలీల్లోంచి దూరిన బొద్దింకో బల్లో సర్క్యూట్ బోర్డు మీద చచ్చి షార్ట్ చేయడం మాత్రం నిజంగా లోపమే, మన ఊళ్లలో అరుదూ కాదు.

ఓవెన్ 800 వాట్ల వేడి ఇస్తుందంటే గోడ నుంచి 1,200 వాట్ల దాకా లాగుతుంది. గ్రిల్లు, కన్వెక్షన్ ఉంటే ఇంకా ఎక్కువ. టీవీ ప్లగ్గుకో ఎక్స్‌టెన్షన్ బాక్సుకో తగిలిస్తే పిన్నులు కాలి నల్లబడతాయి. పెద్ద ప్లగ్గు ఉండాలి, ఎర్త్ ఉండాలి. బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన ఎర్త్ గుంట మెట్ట నేలలో ఏప్రిల్ కల్లా ఎండిపోతుంది. దానికీ అప్పుడప్పుడు రెండు బిందెల నీళ్లు పోయాలి.

బయటి స్క్రూల వెనక మాత్రం ఇంటివాళ్లకు పనిలేదు. ప్లగ్గు తీశాక కూడా కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు మిగిలి ఉండొచ్చు. దాన్ని దించే రెసిస్టర్ లోపల ఉన్నా, అదీ చెడిపోవచ్చు. జీఐ గుర్తింపు పొందిన చెక్క చెంచాల ఊరు ఉదయగిరి గనుక ఇంకో మాట. పాత ఓవెన్ ట్రాన్స్‌ఫార్మర్‌తో చెక్క మీద మెరుపు కొమ్మల నగిషీలు కాల్చే వీడియోలు తిరుగుతున్నాయి. ఆ పనిలో విదేశాల్లో చాలామంది చనిపోయారు. అమెరికాలోని తరిమెన (లేత్) చెక్కపనివాళ్ల సంఘం తన కార్యక్రమాల్లో దాన్ని నిషేధించింది. ఉదయగిరి చెంచాకు ఓవెన్‌లో ఉన్న మంచి పని వేరే. మరిగినట్టు కనిపించకుండానే మరుగు దాటిపోయిన నీళ్లు కదపగానే ఒక్కసారిగా పైకి చిమ్ముతాయి. వేడిచేసేటప్పుడు గ్లాసులో చెక్క చెంచా ఉంచితే ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది.

ఉదయగిరి నుంచి నెల్లూరు సుమారు వంద కిలోమీటర్లు. మెకానిక్ అక్కడి నుంచి రావాల్సివస్తే సరైన భాగం చేతిలో పెట్టుకుని రావడం ముఖ్యం. ఓవెన్ వెనక స్టిక్కర్ మీది మోడల్ నంబరు, లైటు వెలుగుతోందా, ప్లేటు తిరుగుతోందా, శబ్దం ఎలా ఉంది, నీళ్ల పరీక్షలో ఎన్ని డిగ్రీలు పెరిగింది, ఇవన్నీ ముందే ఫోన్లో చెబితే డయోడ్ తేవాలో స్విచ్చులు తేవాలో ఆయన బస్సెక్కకముందే తేల్చుకుంటాడు.