డన్జన్స్ అండ్ డ్రాగన్స్‌లో వికృత జీవుల ఎన్‌కౌంటర్లు

డన్జన్స్ అండ్ డ్రాగన్స్ అనునది బల్ల చుట్టూ కూర్చొని కాగితం, పెన్సిలు, పాచికలతో ఆడే పాత్రధారణ క్రీడ. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ఈ ఆటను అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రానికి చెందిన టి.ఎస్.ఆర్. సంస్థ 1974లో ప్రచురించినది. ఇందులో ఒకరు డన్జన్ మాస్టర్ అనే పేరుతో నిర్వాహకుడిగా ఉండి కథా ప్రపంచాన్ని వర్ణిస్తారు. మిగిలినవారు యోధుడు, మాంత్రికుడు, దొంగ వంటి పాత్రలను ధరిస్తారు. ఈ బృందానికి మాన్‌స్టర్ అనబడే వికృత జీవి తారసపడే ఘట్టమే ఎన్‌కౌంటర్. తెలుగు పత్రికలలో ఈ మాటకు పోలీసు కాల్పులనే అర్థం స్థిరపడినది కాని, ఆటలో దీనికి ఎదురుపడటం అనే మూలార్థమే వర్తిస్తుంది. ఎదురుపడిన ప్రతిసారీ పోరు జరిగి తీరాలనే నియమం లేదు.

ఆటగాడు తన పాత్రను నెలల తరబడి, ఒక్కొక్కసారి ఏళ్ళ తరబడి పెంచుకుంటూ వస్తాడు. ఆ పాత్ర ఒకే ఒక్క ఘట్టంలో మరణించవచ్చు. ఆ మరణం తమ నిర్ణయం వలన కలిగినదని ఆటగాళ్ళకు తోచాలే గాని, నిర్వాహకుడు తలచుకొని చంపాడని తోచరాదు. ఘట్టాన్ని ముందుగా ఆలోచించి కూర్చడంలో ఉన్న కష్టమంతా ఇదే.

తొలి నిబంధనలు

ఆరంభ కాలపు నిబంధనలలో పాత్రలకు అనుభవాంకాలు ప్రధానంగా తెచ్చుకున్న బంగారం వలన లభించేవి. జీవిని చంపినందుకు వచ్చేవి స్వల్పం. కావున కొట్లాట లేకుండా నిధిని తెచ్చుకోవడమే తెలివైన పని.

1981లో వెలువడిన బేసిక్ నిబంధనలలో జీవి ప్రవర్తనను రెండు ఆరుముఖాల పాచికలు వేసి నిర్ణయించేవారు. మొత్తం 2 వస్తే వెంటనే దాడి, 12 వస్తే స్నేహం. 6 నుండి 8 వరకు వస్తే జీవి ఏమీ తేల్చుకోలేదని అర్థం. రెండు పాచికలకు ఉన్న 36 అవకాశాలలో వెంటనే దాడికి దక్కేది ఒక్కటే, తటపటాయింపుకు 16. అంటే ఎదురుపడిన జీవి చాలాసార్లు ఆగి చూస్తుంది. అప్పుడు మాట్లాడటమో, లంచమివ్వడమో, పారిపోవడమో ఆటగాళ్ళ ఇష్టం. జీవుల పక్షాన మొదటి ప్రాణి చనిపోయినప్పుడు, మళ్ళీ సగం మంది నేలకూలినప్పుడు ధైర్య పరీక్ష ఉండేది. అందులో ఓడితే అవి పారిపోయేవి, లేదా లొంగిపోయేవి. తరువాతి కాలపు ఆటలలో ఈ రెండు పద్ధతులూ వెనుకబడటం నష్టమనే చెప్పాలి.

జీవి కోరిక

హాంకాంగ్‌లో తయారైన చవక ప్లాస్టిక్ బొమ్మలను చూసి గైగాక్స్ కొన్ని జీవులను కల్పించాడు. వాటిలో రస్ట్ మాన్‌స్టర్ ఒకటి. ఇది మనుషులను తినదు, దీని ఆహారం లోహం. దీని స్పర్శకొమ్ములు తాకితే ఇనుప కవచం తుప్పు పట్టి రాలిపోతుంది. ప్రాణాలకు తెగించి డ్రాగన్ మీదికి దూకే యోధుడు కూడా దీనిని చూసి వెనుకడుగు వేస్తాడు. లోహం ధరించని మాంత్రికుడు మాత్రం నిశ్చింతగా ముందుకు వెళ్ళగలడు. నాలుగు ఇనుప మేకులు విసిరితే అది వాటిని తినడానికి ఆగుతుంది, బృందం ఆ సందులో దాటిపోవచ్చు. జీవికి ఏమి కావాలో తెలిసినందున పోరుకు బదులు మరొక దారి దొరికినది.

టక్కర్ కోబోల్డులు

1987 నవంబరు నాటి డ్రాగన్ పత్రిక 127వ సంచికలో సంపాదకుడు రోజర్ ఇ. మూర్, టక్కర్ అనే నిర్వాహకుని ఆటను వర్ణించాడు. కోబోల్డులు ఆటలోని అతి బలహీన జీవులలో చేరినవి. ఒక్క దెబ్బకు చచ్చే రకం. టక్కర్ వాటి బలాన్ని పెంచలేదు. ఇరుకు దారులను, నిప్పును, గోడల సందులలో నుండి బాణాలు వేసే వీలును వాటికి ఇచ్చాడు. 6 నుండి 12వ స్థాయి వరకు గల పాత్రలు వాటి చేతిలో తల్లడిల్లి, వాటికంటే కింది అంతస్తులలోని దయ్యాలే మేలనుకున్నాయి. అప్పటి నుండి తెలివిగా పోరాడే బలహీన జీవులకు ఈ ఆటగాళ్ళలో టక్కర్ కోబోల్డులనే పేరు నిలిచినది. అయితే ఈ ఉదాహరణను పట్టుకొని ప్రతి గదినీ ఉచ్చుగా మార్చే నిర్వాహకులూ ఉన్నారు. అప్పుడు ఆటగాళ్ళు ప్రతి తలుపు దగ్గరా అరగంట తర్జనభర్జన పడతారు, ఆట కదలదు.

కొలమానాలు

టి.ఎస్.ఆర్.ను 1997లో కొనుగోలు చేసిన విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ, 2000లో మూడవ కూర్పుతో పాటు ఛాలెంజ్ రేటింగ్ అనే అంకెను ప్రవేశపెట్టినది. జీవి రేటింగ్ నలుగురు పాత్రల స్థాయితో సమానమైతే, ఆ ఘట్టం వారి శక్తిసామగ్రిలో సుమారు 20 శాతాన్ని ఖర్చు చేయిస్తుందని దీని లెక్క. 2014 కూర్పులో జీవుల సంఖ్యను బట్టి హెచ్చవేత ఉండేది. 2024 నిర్వాహక గ్రంథం దానిని తొలగించినది.

ఈ లెక్క ఎక్కువగా తప్పేది ఒంటరి జీవి విషయంలో. నలుగురు పాత్రలు ఒక వరుసలో నాలుగు పనులు చేసేలోగా అది ఒక్కసారే కదులుతుంది. ఎంత బలమున్నా చుట్టుముట్టి కొట్టేస్తారు. దీనికి విరుగుడుగా 2014లో ఇతరుల వంతు ముగిసిన వెంటనే జీవి చేయగల లెజెండరీ చర్యలు వచ్చాయి. 2008 నాటి నాలుగవ కూర్పు మరో దారి పట్టి, ఒకే ఒక్క హిట్ పాయింటు గల మినియన్లను గుంపులుగా దింపినది.

రాక్షసుడు

1977 నాటి మాన్‌స్టర్ మాన్యువల్ గ్రంథంలోని 350కి పైగా జీవులలో భారతదేశం నుండి తీసుకున్న రాక్షసుడు కూడా కలడు. గ్రంథంలోని బొమ్మలో అతనికి పులి తల ఉన్నది. తెలుగు పాఠకులకు పరిచితులైన రాక్షసులు ఇలా ఉండరు. స్వభావం మాత్రం మారీచునికి దూరం కాదు. ఎదుటివారి ఆలోచనలను చదివి, వారు నమ్మిన రూపంలో కనిపిస్తాడు. మామూలు ఆయుధాలు అతనిని గాయపరచలేవు, చాలా మంత్రాలు పనిచేయవు. దీవించిన క్రాస్‌బో బాణం తగిలితే మరణిస్తాడు.

ఇటువంటి జీవిని గదిలో నిలబెట్టి కత్తులకు అప్పగిస్తే మిగిలేది పులి తల మాత్రమే. అతనిని బృందానికి ఆశ్రయమిచ్చిన వర్తకుడిగా ముందే ప్రవేశపెట్టి, అడగకముందే ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటును ఒకటి రెండు చోట్ల చూపవచ్చు. దీవించిన బాణం సంగతి ఊరి ఆలయంలోని పూజారి నోట వినిపించవచ్చు. ఈ రెండింటినీ ఎవరూ కలిపి చూడకపోతే, వర్తకుడు వారికి మరునాడు కూడా భోజనం వడ్డిస్తూనే ఉంటాడు.