విలియం హోగార్తు

పొలము దున్నినవానికి పంట దక్కవలెనన్నది అందరును ఎరిగిన ధర్మమే. కుమ్మరి చేసిన కుండను ఎత్తుకొనిపోయినవాడు దొంగయనుటలో ఎవరికిని సందేహము లేదు. కాని చిత్రకారుడు తన బుద్ధిబలముతో కల్పించిన బొమ్మను మరియొకడు అతని అనుమతి లేకయే అచ్చువేసి అమ్ముకొన్నచో అదియును దొంగతనమే యని లోకము చాలకాలము గుర్తింపలేదు. ఈ ధర్మమును తన దేశపు శాసనములలో చేర్పించుటకు పోరాడి గెలిచిన చిత్రకారుడు విలియం హోగార్తు. పదునెనిమిదవ శతాబ్దపు ఇంగ్లండులో ధనికుల మేడలకే పరిమితమై యుండిన చిత్రకళను వీధిలో నడచు సామాన్యుని చెంతకు తెచ్చిన ఘనతయు ఆయనకు చెందును.

హోగార్తు 1697వ సంవత్సరము నవంబరు 10వ తేదీన లండను నగరమున స్మిత్‌ఫీల్డు పేటలో జన్మించెను. తండ్రి రిచర్డు హోగార్తు బడిపంతులు. లాటిను భాషలో మంచి పండితుడు. ఆయన బాలురకు పనికివచ్చు పాఠ్యగ్రంథములను రచించెను. కాని పండితుని కష్టమునకు తగిన ప్రతిఫలము పుస్తకవ్యాపారులనుండి లభింపలేదు. సంసారము గడచుట కష్టమై ఆయన ఒక కాఫీశాలను తెరచెను. అందు ప్రవేశించినవారు లాటిను భాషలోనే సంభాషింపవలెనని ఏర్పాటు. అంత విచిత్రమైన వ్యాపారము నిలువలేదు. అప్పులు పెరిగెను. ఆ కాలమున ఇంగ్లండులో ఋణము తీర్చలేనివానిని కారాగారమున ఉంచుచుండిరి. రిచర్డును ఫ్లీటు అను చెరసాలకు పంపిరి. అప్పటికి విలియం వయస్సు పదియేండ్లు మాత్రమే.

కొన్ని సంవత్సరముల తరువాత తండ్రి విడుదలయ్యెను గాని మరల కోలుకొనలేదు. ఎంతో శ్రమించి ఆయన కూర్చిన లాటిను నిఘంటువు అచ్చు కాకుండగనే మిగిలిపోయెను. 1718లో ఆయన మరణించెను. విద్వాంసుడైన తండ్రి ఇతరులపై ఆధారపడి ఎంత నష్టపోయెనో చూచిన కుమారుడు ఆ దుఃఖమును జీవితాంతము మరువలేదు. తన చేతిపనికి తానే యజమానుడు కావలెనన్న పట్టుదల అతనిలో నాడే నాటుకొనెను.

విలియము బడిలో చదువుకన్న బొమ్మలు గీయుటయందే ఎక్కువ మక్కువ చూపెను. 1714లో అతనిని ఎల్లిస్ గ్యాంబిల్ అను వెండిపనివాని వద్ద శిష్యునిగా చేర్చిరి. ధనికుల వెండిపాత్రలపై వారి వంశచిహ్నములను చెక్కుట అచటి పని. ఆ పని అతనికి విసుగు పుట్టించెను. అయినను లోహముపై సన్నని గీతను తొట్రుపాటు లేకుండ చెక్కు నేర్పు అతనికి అచటనే అలవడెను. 1720లో అతడు స్వంతముగా చెక్కుడుపని ప్రారంభించెను. సాయంకాలము చిత్రకళాశాలకు పోయి అభ్యాసము చేయుచుండెను. వీధిలో వింతయైన ముఖమేదైన కనబడినచో వెంటనే బొటనవ్రేలి గోటిమీద గీచికొని, ఇంటికి వచ్చిన పిమ్మట కాగితముపై ఎక్కించుచుండెడివాడని చెప్పుదురు.

ఆనాడు బొమ్మలను అచ్చువేయు విధానమును తెలిసికొన్నగాని హోగార్తు ఎదుర్కొన్న కష్టము బోధపడదు. మొదట నునుపైన రాగిరేకుపై చిత్రమును సన్నని ఉక్కు ఉలితో గీతలు గీతలుగా చెక్కవలెను. పిమ్మట రేకంతటికి సిరా పూసి, పైభాగమును శుభ్రముగా తుడిచివేయవలెను. అప్పుడు సిరా గీతల గుంటలలో మాత్రమే నిలుచును. దానిపై తడిపిన కాగితమును పరచి, బరువైన రోళ్ల నడుమ త్రిప్పినచో గుంటలలోని సిరా కాగితమునకు అంటుకొనును. రేకుపై కుడివైపుననున్నది కాగితముపై ఎడమవైపునకు వచ్చును. చెక్కుట మిక్కిలి కష్టమైన పని. కాని రేకు ఒకసారి సిద్ధమైనచో ప్రతులు వందలకొలది తీయవచ్చును. ఒక వర్ణచిత్రము ఒక ధనికుని ఇంటనే ఉండును. అచ్చుబొమ్మ ఊరిలోని అనేకుల ఇండ్లకు చేరగలదు.

అయితే ఈ సౌలభ్యమే చిత్రకారునికి శత్రువయ్యెను. 1724లో హోగార్తు నాటి నాగరకుల వినోదములను పరిహసించుచు ఒక బొమ్మను అచ్చువేసి షిల్లింగునకు ఒకటి చొప్పున అమ్మకమునకు పెట్టెను. అది జనులకు నచ్చెను. కాని కొలదికాలములోనే దుకాణదారులు దానిని చూచి మరియొక రేకుపై చెక్కించి సగము ధరకే అమ్మసాగిరి. కల్పించినవాని బొమ్మలు అమ్ముడు పోకుండగా, కాజేసినవారు లాభపడిరి. నగరములో బొమ్మల దుకాణములన్నియు అట్టివారి చేతులలోనే యుండుటచే అతనికి వేరు మార్గము లేకపోయెను. తండ్రికి పుస్తకవ్యాపారులవలన కలిగిన కష్టమే కుమారునికి బొమ్మల వ్యాపారులవలన కలిగెను.

హోగార్తు చదివిన కళాశాలలలో ఒకదానిని సర్ జేమ్స్ థార్న్‌హిల్లు నడపుచుండెను. సెంటు పాలు దేవాలయపు గోపురము లోపల చిత్రములు రచించిన ప్రసిద్ధుడాయన. 1729లో హోగార్తు ఆయన కుమార్తెయైన జేనును, తండ్రి అనుమతి లేకయే వివాహమాడెను. పేదవాడైన అల్లునిపై మామగారికి కోపము వచ్చెను. కొంతకాలమునకు అల్లుడు రచించిన చిత్రములను చూచి, ఇట్టి చిత్రములు రచింపగలవాడు కట్నము లేకున్నను భార్యను పోషింపగలడని ఆయన శాంతించెనని ఒక కథ కలదు.

ఆ చిత్రములే హోగార్తునకు కీర్తి తెచ్చెను. పల్లెటూరినుండి లండనుకు వచ్చిన ఒక అమాయకురాలైన యువతి దుర్జనుల వలలో చిక్కి నశించిన వృత్తాంతమును అతడు ఆరు చిత్రములలో వరుసగా చూపెను. నాటకములోని అంకములవలె ఒక చిత్రమునుండి మరియొక చిత్రమునకు కథ సాగుచుండును. వానిని అచ్చువేయునపుడు హోగార్తు దుకాణదారులను ఆశ్రయింపలేదు. తానే పత్రికలలో ప్రకటనలిచ్చి, చందాదారులను చేర్చుకొని, 1732లో ఆరు బొమ్మల కట్టను ఒక గినీకి, అనగా 21 షిల్లింగులకు, తన ఇంటినుండియే అమ్మెను. వేయిమందికి పైగా చందాదారులు చేరిరి. కాని దొంగ అచ్చులు వెంటనే బయలుదేరెను.

ఈసారి హోగార్తు ఊరకుండలేదు. తనవలె నష్టపడుచున్న చిత్రకారులను, చెక్కుడు పనివారిని కలిసికొని పార్లమెంటునకు విన్నపము పంపెను. గ్రంథకర్తల హక్కులను రక్షించుచు 1710లోనే ఒక శాసనము అమలులోనికి వచ్చియుండెను; బొమ్మలకు మాత్రము అట్టి రక్షణ లేదు. ఒంటరిగా ఎవడును సాధింపలేని దానిని వారు ఏకమై సాధించిరి. 1735లో పార్లమెంటు ఆ శాసనమును అంగీకరించెను. దాని ప్రకారము బొమ్మను కల్పించి చెక్కినవానికి, ప్రకటించిన నాటినుండి 14 సంవత్సరములవరకు దానిపై సర్వహక్కులు కలవు. ప్రకటించిన తేదీయు యజమానుని పేరును రేకుపై చెక్కియుండవలెను. అనుమతి లేక అచ్చువేసినవాడు ఆ రేకును, ప్రతులను కోల్పోవుటయే గాక, ప్రతి కాగితమునకు 5 షిల్లింగుల జరిమానా చెల్లింపవలెను. ఇంగ్లండులో ఈ శాసనము హోగార్తు పేరుతోనే వ్యవహరింపబడెను.

శాసనము ఆ సంవత్సరము జూను 25వ తేదీన అమలులోనికి వచ్చెను. తన తరువాతి చిత్రమాల సిద్ధముగానున్నను హోగార్తు ఆ దినమువరకు దానిని విడుదల చేయలేదు. ఇంతలో కొందరు వ్యాపారులు మనుష్యులను అతని ఇంటికి పంపిరి. వారు చిత్రములను చూడవచ్చినవారివలె నటించి, చూచినదానిని గుర్తుంచుకొని వెలుపల చెప్పిరి. ఆ జ్ఞాపకమును బట్టి తప్పులతడకలైన నకళ్లను చెక్కించి, అసలు బొమ్మలకు ముందే అమ్మిరి. హోగార్తు నిరుత్సాహపడక, పేదవారికొరకు తన అనుమతితోనే చౌకప్రతులను వేయించి ఆ నకళ్లను ఎదిరించెను.

ఆ చిత్రమాలలో ఎనిమిది చిత్రములున్నవి. లోభియైన తండ్రి కూడబెట్టిన ధనము చేతికి వచ్చిన టాము రేక్‌వెల్లు అను యువకుడు తనను నమ్మిన కన్యను విడిచి, విలాసములలో, జూదములో సర్వము పోగొట్టుకొనును. ఏడవ చిత్రములో అతడు చేరిన చోటు ఫ్లీటు చెరసాలయే. అతడు వ్రాసిన నాటకమును తిరస్కరించిన ఉత్తరము బల్లపై పడియుండును. మరియొక ఖైదీ చేతినుండి ఒక కాగితపు చుట్ట జారుచుండును. దానిపై దేశపు ఋణములన్నియు తీర్చు ఉపాయము వ్రాయబడియున్నది. తన అప్పునే తీర్చలేక చెరలోనున్నవాడు దేశపు అప్పును తీర్చ బూనుట చూచి నవ్వు వచ్చును. కాని చిత్రకారుని తండ్రి ఆ చెరసాలలోనే దినములు గడపెనని తెలిసినవారికి నవ్వు నడుమనే కన్నీరు తిరుగును. చివరి చిత్రములో టాము పిచ్చి ఆసుపత్రిలో పడియుండగా, అతడు విడిచిన కన్యయే చెంతనుండి దుఃఖించుచుండును.

హక్కు లభించిన పిమ్మట హోగార్తు దానిని ధనార్జనకు మాత్రమే వినియోగింపలేదు. 1747లో, శ్రమజీవియైన ఒక శిష్యుని అభివృద్ధిని, సోమరియైన మరియొక శిష్యుని పతనమును 12 బొమ్మలలో చూపి, పనిచేయు బాలురకు అందునట్లు తక్కువ ధరకు అమ్మించెను. ఆ కాలమున లండను పేదలను జిన్ను అను చౌక సారాయి నాశనము చేయుచుండెను. 1751లో అతడు ‘జిన్ను సందు’ అను బొమ్మను ప్రకటించెను. అందు మైకముననున్న తల్లి చేతినుండి పసిబిడ్డ మెట్లమీదినుండి జారి పడుచుండును. ఇండ్లు కూలుచుండగా తాకట్టు వ్యాపారి మాత్రము వర్ధిల్లుచుండును. చదువురానివాడును ఆ బొమ్మను చూచి దాని భావమును గ్రహింపగలడు. జిన్ను అమ్మకమును అరికట్టు శాసనమును పార్లమెంటు ఆ సంవత్సరమే చేసెను. అందుకు పాటుపడినవారు అనేకులు. వారిలో హోగార్తు మిత్రుడును న్యాయాధిపతియునైన హెన్రీ ఫీల్డింగు ఒకడు.

థామస్ కోరము అను వృద్ధ నావికుడు లండను వీధులలో విడువబడిన శిశువులను చూచి కరిగిపోయి, పదునేడు సంవత్సరములు శ్రమించి, 1739లో అనాథ శిశుశరణాలయమునకు రాజశాసనము సంపాదించెను. హోగార్తు ఆ సంస్థ స్థాపకసభ్యులలో ఒకడు. 1740లో కోరము నిలువెత్తు చిత్రమును రచించి శరణాలయమునకు కానుకగా ఇచ్చెను. రాజులకు, ప్రభువులకు తగిన ఠీవితో ఆ నావికుని చిత్రించెను. కాని నెరసిన జుట్టును గాని, నేలకు సరిగా ఆనని పొట్టి కాళ్లను గాని దాచలేదు. అతని ప్రోత్సాహముతో ఇతర చిత్రకారులును తమ చిత్రములను అచటికి దానము చేసిరి. వానిని చూడవచ్చినవారు శిశువులకు విరాళములిచ్చిరి. స్వదేశ చిత్రకారుల కృతులను ప్రజలు చూచుటకు అట్లొక స్థానము ఏర్పడెను. సంతానము లేని హోగార్తు దంపతులు ఆ శరణాలయపు బిడ్డలను కొందరిని ఛిస్విక్కులోని తమ ఇంట ఉంచుకొని పెంచిరి.

గొప్పవారి గుణములను చెప్పునపుడు లోపములను దాచుట తగదు. హోగార్తు అభిమానధనుడు, విమర్శను సహింపలేడు. ఇటలీ దేశపు పాతచిత్రములకు ధనికులు అపారముగా వెలయిచ్చుచు స్వదేశీయులను చిన్నచూపు చూచుట అతనికి తీరని బాధ. ధనము కొరకు, బిరుదు కొరకు జరిగిన ఒక వివాహపు దుష్ఫలితములను చూపు ఆరు వర్ణచిత్రములను 1751లో అమ్మకమునకు పెట్టగా ఆరింటికి కలిపి 120 గినీలు మాత్రమే వచ్చెను. 1757లో రాజాస్థాన చిత్రకారుడైన పిమ్మట రాజకీయ వివాదములలో దిగి, జాన్ విల్క్సు అను పాత మిత్రునితో వైరము పెంచుకొని మనశ్శాంతిని పోగొట్టుకొనెను. 1764వ సంవత్సరము అక్టోబరు మాసమున లండనులోని స్వగృహమున మరణించెను. ఛిస్విక్కులో అతని సమాధి కలదు.

అతడు భార్యకు మిగిల్చిన ఆస్తిలో ముఖ్యమైనవి చెక్కిన రాగిరేకులు. 1767లో పార్లమెంటు క్రొత్త శాసనము చేసి, బొమ్మల హక్కుకాలమును 28 సంవత్సరములకు పెంచెను. హోగార్తు బొమ్మలపై జేనుకు ప్రత్యేకముగా 20 సంవత్సరముల హక్కు ఇచ్చెను. పండితుడైన రిచర్డు హోగార్తు మరణించినపుడు అతని నిఘంటువు కుటుంబమునకు ఒక కాసైనను తేలేదు. కుమారుని రేకులు మాత్రము వితంతువైన భార్యకు ఆధారమయ్యెను. ఒక తరములో జరిగిన అన్యాయమును మరియొక తరము సరిదిద్దుట యనగా ఇదియే.

120 గినీలకు అమ్ముడుపోయిన ఆ ఆరు చిత్రములు 1824లో లండను నేషనల్ గ్యాలరీ ఏర్పడినపుడు అందు తొలి చిత్రములలో చేరెను. నేటికిని అచటనే యున్నవి. భారతదేశమునను 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము చిత్రకారుని కృతికి అతని జీవితకాలమును, అటుపిమ్మట 60 సంవత్సరములును రక్షణ కల్పించుచున్నది. ఆ గడువు తీరిన పిమ్మట ఆ కృతి ప్రజలందరి సొత్తగును. శ్రమించినవానికి ముందు ఫలము, తరువాత లోకమునకు భాగము: ఈ రెండును కలసినదే న్యాయము. ఇతరులు రచించిన బొమ్మను గాని, పాటను గాని, గ్రంథమును గాని వాడుకొనునపుడు దాని వెనుకనున్న చేతిని స్మరించుట మన ధర్మము.