ఊరు దాటిన ఫిర్యాదు: నగర పోలీసు సేవలు, సరిహద్దు కుటుంబాలు

హోసూరు బస్టాండులో బెంగళూరు బస్సు ఎక్కిన ఒక పల్లెటూరి ఇల్లాలు ఎలక్ట్రానిక్ సిటీలో దిగి చూసుకునేసరికి మెడలో గొలుసు లేదనుకుందాం. బస్సు ఎక్కినది తమిళనాడులో, దిగినది కర్ణాటకలో. గొలుసు ఏ రాష్ట్రపు నేల మీద పోయినదో ఆమెకు తెలియదు. దిగినచోట పోలీసు స్టేషనుకు వెళితే ఎక్కినచోట చెప్పుకోమంటారు. వెనుకకు వస్తే, పోయినది ఆ ఊరిలోనేమో, అక్కడే ఇవ్వమంటారు. ఈలోగా బస్సు మరో రెండు తడవలు తిరిగి డిపో చేరుతుంది. ప్రక్కన కూర్చున్న ప్రయాణికులు ఎవరి దారిన వారు పోతారు. గొలుసు సంగతి దేవుడెరుగు, ఒక రోజు కూలి, రానుపోను ఛార్జీలు కూడా పోయినట్లే.

సరిహద్దు గ్రామాల వారికి ఇటువంటి తిప్పలు కొత్త కావు. కోలారు, చిక్కబళ్ళాపురం, పావగడ ప్రాంతాల తెలుగు కుటుంబాలకు బెంగళూరే బ్రతుకుతెరువు. ఇంట మాట్లాడేది తెలుగు, ఠాణాలో వ్రాసేది కన్నడం. హోసూరు వైపు వ్రాసేది తమిళం. అందుచేత పోలీసు వ్యవస్థ ఏ విధంగా నడుస్తుందో, చట్టం ఏమి ఇచ్చినదో తెలిసి ఉండడం వీరికి ఇతరులకంటె ఎక్కువ అవసరం.

రాజ్యాంగం ప్రకారం పోలీసు రాష్ట్రాల పరిధిలోని విషయం. కాబట్టి ప్రతి రాష్ట్రానికీ తన పోలీసు శాఖ, తన కార్యాలయ భాష ఉంటాయి. యానాం వారిది మరొక తీరు. చుట్టూ ఆంధ్రదేశమే అయినా అక్కడి ఠాణా పుదుచ్చేరి పోలీసు శాఖకు చెందినది. జిల్లాలలో పోలీసు యంత్రాంగానికి ఎస్పీ అధిపతి. పెద్ద నగరాలలో కమిషనరు ఉంటాడు. చెన్నైలో ఈ పద్ధతి 1856 నుంచి ఉన్నది. బెంగళూరుకు 1963లో వచ్చినది. తేడా పేరులోనే కాదు. జిల్లాలో నిషేధాజ్ఞలు జారీచేయడం, శాంతిభంగం కలుగకుండా పూచీకత్తు వ్రాయించుకోవడం రెవెన్యూ అధికారుల చేతిలో ఉండగా, నగరంలో ఆ మేజిస్ట్రేటు అధికారాలు కమిషనరుకు ఉంటాయి. పల్లెలో తహసీల్దారు కచేరీకి వెళ్ళే అలవాటు ఉన్నవారు నగరంలో అటువంటి పనికి పోలీసు కార్యాలయానికే వెళ్ళవలసి ఉంటుంది. కమిషనరు క్రింద ప్రతి విభాగానికి ఒక డి.సి.పి. ఉంటాడు. జిల్లాలో ఎస్పీకి చెప్పుకొనే మాట నగరంలో ఆయనకు చెప్పుకోవాలి.

మాటల సంగతి కూడా కొంత చెప్పుకోవాలి. మనం ఫిర్యాదు అనేదానిని కన్నడిగులు "దూరు" అంటారు. మన భాషలో దూరడమంటే నిందించడం గనుక అర్థం బోధపడడం కష్టం కాదు. తమిళంలో అది "పుగార్". ఒడియా ఠాణాలలో మొదటి సమాచార నివేదికను "ఏతలా" అంటారు. కానిస్టేబులును కన్నడంలో "పేదె" అనడం వాడుక. ఈ నాలుగు మాటలు తెలిస్తే గుమ్మం వద్ద బెరుకు సగం తగ్గుతుంది.

చేతికి వచ్చిన కాగితం ఏది?

ఠాణాకు వెళ్ళి వచ్చిన వారిలో చాలామంది "కేసు పెట్టాము, కాగితం ఇచ్చారు" అంటారు. ఆ కాగితం ఏదో చూడడం అన్నిటికంటె ముఖ్యం. తమిళనాడులో తరచుగా ఇచ్చేది సి.ఎస్.ఆర్. రసీదు. ఫిర్యాదు అందినదని, కమ్యూనిటీ సర్వీసు రిజిస్టరులో నమోదైనదని మాత్రమే దానికి అర్థం. అది ఎఫ్.ఐ.ఆర్. కాదు. అలాగే, వస్తువు పోయినదని ఆన్‌లైనులో నమోదు చేసుకుంటే వచ్చే రసీదు కొత్త సిమ్ కార్డుకో, నకలు ధ్రువపత్రానికో పనికివస్తుంది గాని, దానితో దొంగను వెదకరు. వస్తువును ఎవరో దొంగిలించారని చెప్పదలచినవారు "పోయినది" అని వ్రాసి ఇస్తే, కేసు అక్కడితో ఆగిపోయే ప్రమాదం ఉన్నది. "దొంగిలించబడినది" అని స్పష్టంగా వ్రాయాలి. ఒక్క మాటలో ఇంత తేడా ఉన్నదని చాలామందికి తరువాత గాని తెలియదు.

విచారణాధికారం గల నేరం జరిగినట్లు సమాచారం అందినప్పుడు ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయడం తప్పనిసరి అని లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు 2013 నవంబరులో తీర్పు చెప్పినది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ఇందులో కొంత మార్పు చేసినది. మూడేళ్ళు మొదలుకొని ఏడేళ్ళలోపు శిక్ష పడగల నేరాలలో, డి.ఎస్.పి. అనుమతితో, 14 రోజుల లోపల ప్రాథమిక విచారణ జరిపి కేసు నిలుస్తుందా లేదా చూడవచ్చును. ఈ వెసులుబాటు ఫిర్యాదుదారు కన్నా పోలీసులకే ఎక్కువ ఉపయోగపడుతున్నదన్న విమర్శ నిరాధారం కాదు. మరొక సంగతి: 5,000 రూపాయల లోపు విలువ గల చోరీని కొత్త చట్టం చిన్న నేరంగా చూస్తుంది, మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దానిపై దర్యాప్తు చేయలేరు. కాబట్టి ఫోను బిల్లు, గొలుసు చేయించిన అంగడి చీటీ దాచుకొనడం పిసినారితనమని ఎవరూ అనుకోనక్కరలేదు.

ఇక మొదట చెప్పుకొన్న ఇల్లాలి సమస్య. సంహితలోని 173వ సెక్షను ప్రకారం నేరం ఎక్కడ జరిగినా, ఏ పోలీసు స్టేషనులోనైనా సమాచారం ఇవ్వవచ్చును. దీనినే జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. స్టేషను వరుస సంఖ్యకు బదులు సున్నాతో నమోదు చేసి, పిదప పరిధి గల స్టేషనుకు పంపుతారు. ఈ పద్ధతి 2013 నుంచి కేంద్ర హోం శాఖ సలహాగా ఉండేది. సలహా ఎంతమాత్రం సరిపోలేదో 2019 నవంబరులో హైదరాబాదు శివారులో ఒక యువ పశువైద్యురాలి హత్యోదంతం చూపినది. పరిధి పేరిట తమను ఒక స్టేషను నుంచి మరొక స్టేషనుకు త్రిప్పారని ఆమె కుటుంబం వాపోయినది. కేసు నమోదులో జాప్యం చేశారని ముగ్గురు పోలీసు ఉద్యోగులు సస్పెండు అయ్యారు. ఇప్పుడది సలహా కాదు, చట్టం. పైగా ప్రయాణంలో జరిగిన నేరాన్ని, ఆ ప్రయాణం సాగిన దారిలోని ఏ కోర్టు అయినా విచారించవచ్చునన్న నియమం పాత చట్టంలోనూ ఉన్నది, కొత్తదానిలోనూ ఉన్నది. హోసూరు, బెంగళూరు ఠాణాలలో ఏదీ "మా పరిధి కాదు" అని ఆమెను త్రిప్పి పంపరాదు.

నోటితో చెప్పినా చాలు. పోలీసు అధికారి దానిని వ్రాసుకొని, చెప్పినవారికి చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి. ఈ చదివి వినిపించడమన్నది మన కుటుంబాలకు ప్రాణం వంటిది. తెలుగులో చెప్పినది కన్నడంలోనో తమిళంలోనో వ్రాయబడినప్పుడు రోజు, వేళ, స్థలం, వస్తువుల లెక్క సరిగా పడినవో లేదో విన్న తరువాతనే సంతకం చేయాలి. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత హోసూరు పిల్లలందరూ తమిళం చదువుతున్నారు. కోలారు పిల్లలకు కన్నడం వచ్చును. ఆ చదువు పెద్దలకు ఉపయోగపడవలసిన చోట్లలో ఠాణా ఒకటి. తోడుగా చదువు వచ్చిన ఒకరిని తీసుకువెళ్ళడం మేలు. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి. ఫోను ద్వారా, ఈమెయిలు ద్వారా సమాచారం ఇచ్చినవారు మూడు రోజుల లోపల వెళ్ళి సంతకం చేయాలి. సున్నితమైన కేసులు మినహా ఎఫ్.ఐ.ఆర్.లను 24 గంటలలో వెబ్‌సైటులో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించినది. దర్యాప్తు ఎంతవరకు వచ్చినదో 90 రోజులలోగా ఫిర్యాదుదారుకు తెలియజేయడం కూడా ఇప్పుడు పోలీసుల బాధ్యత.

నమోదుకు నిరాకరిస్తే? వాదులాటకు దిగనక్కరలేదు. ఫిర్యాదును వ్రాసి జిల్లాలో ఎస్పీకి, నగరంలో డి.సి.పి.కి రిజిస్టరు తపాలాలో పంపి రసీదు దాచుకోవాలి. అప్పటికీ కదలిక లేకుంటే అఫిడవిట్టుతో మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చును.

ఫిర్యాదు చేయడమే కాదు, ఒక్కొక్కప్పుడు మన పిల్లవాడినే పోలీసులు తీసుకువెళ్ళారన్న కబురు ఊరికి చేరుతుంది. అప్పుడు భాష మరింత బరువైన విషయమవుతుంది. నిర్బంధ కారణాలను మనిషికి తెలిసిన భాషలోనే ఇవ్వాలని సుప్రీంకోర్టు 1962లోనే, హరికిషన్ కేసులో చెప్పినది. అది ముందస్తు నిర్బంధానికి సంబంధించిన తీర్పు. 2025 నవంబరులో మామూలు అరెస్టులకు కూడా ఇదే వర్తిస్తుందని, కారణాలను వ్రాతపూర్వకంగా, అతనికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని న్యాయస్థానం స్పష్టం చేసినది. బంధువులకో మిత్రులకో కబురు చేయాలి. ప్రయాణకాలం మినహాయించి 24 గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట నిలపాలి. స్త్రీలను సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు, మేజిస్ట్రేటు అనుమతి పొందిన అసాధారణ సందర్భాలలో తప్ప అరెస్టు చేయరాదు. సాక్ష్యం అడగడానికి స్త్రీలను, పదిహేనేళ్ళ లోపు బాలురను, అరవై దాటిన వృద్ధులను ఠాణాకు రమ్మనరాదు. వారున్న ఇంటికే రావాలి.

తలారి వంటి పోలీసు

ఇంతవరకు చెప్పినది చట్టం. చట్టం పుస్తకంలో ఉంటుంది, ఠాణాలో మనుషులుంటారు. పూర్వం మన ఊళ్ళలో తలారి ఉండేవాడు. కన్నడ సీమలో తళవార, తమిళ సీమలో తలైయారి. ఊరిలోని ప్రతి గడపా అతనికి తెలుసు, అతనూ ప్రతి గడపకూ తెలుసు. నగరంలో ఈ పరిచయమే ఉండదు. దానిని తిరిగి కల్పించడానికి జరిగిన ప్రయత్నాలనే ప్రజామైత్రి పోలీసు విధానమంటున్నారు.

వీటిలో తిరుచ్చి నగరపు అనుభవం తెలుసుకోదగినది. నాయకరాజుల నాటి నుంచి, రాణి మంగమ్మ ఏలిన కాలం మీదుగా తెలుగువారు స్థిరపడిన ఊరు అది. 1998లో కోయంబత్తూరు బాంబు ప్రేలుళ్ళ తరువాత తమిళనాడు నగరాలలో మతాల మధ్య అనుమానాలు పెరిగాయి. ఆ వాతావరణంలో 1999లో తిరుచ్చి కమిషనరుగా వచ్చిన జె.కె. త్రిపాఠి నగరాన్ని 57 బీట్లుగా విభజించి, ఒక్కొక్క బీటుకు నలుగురు కానిస్టేబుళ్ళను నియమించారు. వారిని బీటు అధికారులన్నారు. కానిస్టేబులుకు "అధికారి" అన్న పేరు రావడం చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని అప్పటిదాకా పై నుంచి వచ్చిన ఆజ్ఞను మోయడమే పనిగా ఉన్న మనిషికి, తన వీధుల బాగోగులకు తానే బాధ్యుడనన్న స్థానం దక్కినది. వీధులలో, విద్యాలయాల వద్ద ఫిర్యాదు పెట్టెలు పెట్టారు. పేరు వ్రాయకుండా చీటీ వేయవచ్చును. సారా, గంజాయి అమ్మకాల సంగతి, ఆడపిల్లలను వేధించేవారి సంగతి ఠాణా మెట్లెక్కి చెప్పలేనివారికి ఆ పెట్టె నోరైనది. మురికివాడలను దత్తత తీసుకొని, పిల్లలను బడికి పంపడం వంటి పనులలో పోలీసులు చేయి కలిపారు. ఈ పథకానికి విదేశాలలో కూడా బహుమతులు వచ్చాయి.

తమిళనాడులోనే దీనికి ముందు, 1993లో రామనాథపురం జిల్లాలో ఎస్పీ ప్రతీప్ ఫిలిప్ "ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్" అనే పథకం ఆరంభించారు. ఊరి యువకులు పోలీసులకు సాయపడడం దాని ఉద్దేశం. మంచి పథకం. అయితే 2020 జూన్‌లో తూత్తుకుడి జిల్లా సాత్తాన్‌కుళంలో తండ్రీకొడుకులు పోలీసు కస్టడీలో చిత్రహింసలకు గురై మరణించిన ఉదంతంలో ఈ దళానికి చెందినవారి పాత్ర కూడా ఉన్నదని ఆరోపణలు వచ్చాయి. ఆ మరుసటి నెలలో ప్రభుత్వం దళాన్ని నిలిపివేసినది. పథకం ఆరంభించిన అధికారి, ఇది తమ ఆశయానికి విరుద్ధమని అన్నారు. అది నిజమే కావచ్చు. అధికారం లేని మనిషికి లాఠీ నీడ తోడైతే అతడు ప్రజల మిత్రుడో, ఠాణా మనిషో తేల్చడం కష్టం. తిరుచ్చిలో బాధ్యత జీతం తీసుకునే కానిస్టేబులు మీద, అతని పేరు మీద ఉన్నది. లెక్క అడగడానికి ఒక మనిషి ఉన్నాడు. ఈ రెండింటిలో ఏది నమ్మదగినదో చెప్పనక్కరలేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000లో "మైత్రి" అన్నారు. కేరళలో 2008లో 20 స్టేషన్లతో "జనమైత్రి" మొదలైనది. ఆరంభించిన అధికారికి బదిలీ కాగానే ఇటువంటి పథకాలు నీరసించడం మన దేశంలో సాధారణం. ఠాణా అధికారులకు కనీసం రెండేళ్ళు ఒకేచోట కొనసాగే హామీ ఉండాలని ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లో ఆదేశించడానికి గల కారణాలలో ఈ బదిలీల జబ్బు ఒకటి. వీధి పేరు తెలిసేలోగా పోలీసు మారిపోతే మైత్రి ఎవరితో?

కర్ణాటకలో 2025 జూలైలో "మనె మనెగె పోలీస్", అనగా ఇంటింటికీ పోలీసు, అనే కార్యక్రమం ఆరంభమైనది. బీటు సిబ్బంది ఇళ్ళకు వచ్చి మంచిచెడ్డలు కనుక్కోవాలన్నది అందులోని ఏర్పాటు. బెంగళూరులో అద్దె గదులలో ఉండే మన పిల్లల వద్దకు అటువంటివారు వచ్చినప్పుడు భయపడి తలుపు వేసుకోకుండా, గుర్తింపు కార్డు చూసి, ఆ కానిస్టేబులు పేరు, ఫోను నంబరు వ్రాసుకొని, ఒక నకలు ఇంటికి పంపాలి.

అత్యవసరానికి దేశమంతటా 112. స్త్రీల సహాయానికి 181, పిల్లలకు 1098. ఫోను ద్వారా, బ్యాంకు ఖాతా ద్వారా మోసపోతే 1930కి వెంటనే చెప్పాలి. ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. సరిహద్దులో ఉన్నవారు గుర్తుంచుకోవలసినది ఒకటున్నది. మన ఫోను ప్రక్క రాష్ట్రపు టవరును పట్టుకొని ఉంటే, 112కు చేసిన పిలుపు అక్కడి కంట్రోలు రూముకు వెళ్ళవచ్చు. అందుచేత జరిగినది చెప్పడానికి ముందే రాష్ట్రం, జిల్లా, తాలూకా, ఊరు ఆ వరుసలో చెప్పాలి. ఒకే పేరు గల ఊళ్ళు గట్టుకు ఈవల ఒకటి, ఆవల ఒకటి ఉండడం మన ప్రాంతంలో వింత కాదు గదా.