పప్పు ఉడికితే మంచినీళ్లేనా?

రాయదుర్గం చుట్టుపక్కల పల్లెల్లో కొత్త బోరు పడిందంటే ఆ నీళ్లకు తొలి పరీక్ష పొయ్యి మీదే. కందిపప్పు మెత్తగా ఉడికిందా? సబ్బు నురగ కట్టిందా? నాలుకకు తియ్యగా తగిలిందా? మూడూ కుదిరితే మంచినీళ్లు, లేకుంటే ఉప్పునీళ్లు. ఇది తరతరాల పరీక్ష, పైసా ఖర్చు లేనిది. ఫ్లోరైడు దగ్గర మాత్రం దీన్ని నమ్మితే మోసపోతాం.

ఊరి నెత్తిన కోటను మోస్తున్న కొండది గ్రానైటు జాతి. ఇక్కడి బోర్లన్నీ ఆ జాతి రాతి పగుళ్లలోకి దిగినవే. ఆ రాతిలోని నల్ల అభ్రకంలో, అపటైట్‌లో, అక్కడక్కడా ఫ్లోరైట్‌లో ఫ్లోరైడు దాగి ఉంటుంది. దాన్ని బయటికి లాగేది నీరే. నీటి అణువుకు ఒక కొస రుణావేశం, మరో కొస ధనావేశం. స్ఫటికం అంచున ఉన్న అయాన్లను అణువులు చుట్టుముట్టి లాగుతాయి. నీటి పట్టు గెలిస్తే పదార్థం కరుగుతుంది. లీటరు నీటిలో వంట ఉప్పు 360 గ్రాముల దాకా కరుగుతుంది. ఫ్లోరైట్, అంటే కాల్షియం ఫ్లోరైడు, స్వచ్ఛమైన నీటిలో 16 మిల్లీగ్రాములు కరిగితే గొప్ప. అయితే ఆ కాస్తలోనే సుమారు 8 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉంటుంది. మన తాగునీటి ప్రమాణమేమో లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే దిక్కు లేనిచోట 1.5.

అసలు మెలిక కాల్షియం దగ్గరుంది. నీటిలో అది ముందే దండిగా ఉంటే ఫ్లోరైట్ ఇంకా తక్కువ కరుగుతుంది. రాయదుర్గం ఉన్న అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసేదే 550 మిల్లీమీటర్లు. ఎండకు నేలలో నీరు ఆవిరైపోయి చిక్కబడేకొద్దీ అందులోని కాల్షియం సున్నపుగడ్డగా పేరుకుపోతుంది. పొలాల్లో నాగలికి తగిలే తెల్లగడ్డలు అవే. మిగిలిన నీటిలో సోడియం, బైకార్బొనేటు. కాల్షియం వదిలిన నీటికి పప్పు ఇట్టే ఉడుకుతుంది, సబ్బు నురగలు కక్కుతుంది. ఫ్లోరైడుకు ఉన్న అడ్డూ తొలగిపోతుంది. వంటింట్లో నెగ్గిన నీరే పళ్ల మీద గార, ఎముకల్లో బిగుతు తెచ్చిపెట్టొచ్చు.

ఇది కొత్త సంగతేమీ కాదు. అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును గుర్తించి షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు 1937లోనే రాశారు. పటికతో, సున్నంతో ఫ్లోరైడును తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ పరిశోధన సంస్థ రూపొందించి, దానికి మన నల్గొండ పేరే పెట్టింది. నా మటుకు, అన్నిటికన్నా మేలైన విరుగుడు దూరం నుంచి వచ్చే నది నీరే. 1995-96లో సత్యసాయి ట్రస్టు అప్పటి అనంతపురం జిల్లాలో 700కు పైగా ఊళ్లకు తాగునీటి పథకం వేసింది. క్యాన్లలో అమ్మే ఆర్‌ఓ నీళ్లూ పనికొస్తాయి కానీ, యంత్రం వదిలే మురుగునీటిలో ఫ్లోరైడు మరింత చిక్కబడి ఉంటుంది. దాన్ని ఎక్కడ పారబోస్తున్నారో అడిగేవారు తక్కువ.

కాచి తాగితే పోతుందనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. పోదు, నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. బోరు నీళ్లు తాగే ఇల్లయితే, ముఖ్యంగా ఎనిమిదేళ్లలోపు పిల్లలుంటే, ఒక సీసాడు నీళ్లు గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలకు పంపి ఫ్లోరైడు అంకె రాయించుకోండి. అది 1.5 దాటితే ఆ బోరును స్నానానికీ గిన్నెలకూ వదిలేయండి.