జ్వరం ఖరీదు కట్టేదెలా?

దోమకాటు జబ్బు ఒక ఊరికి ఎంత నష్టం చేసిందో తేలాలంటే ముందు ఒక్క ఇంటి లెక్క చూడాలి. బెంగళూరు శివార్లలో, హోసూరు రోడ్డు మీద, బొమ్మసంద్ర పారిశ్రామికవాడ పక్కనే ఉన్న హెబ్బగోడిలో రోజుకు 650 రూపాయల కూలికి పనిచేసే ఒకాయనకు డెంగీ వచ్చిందనుకుందాం. పది రోజులు పనిలోకి వెళ్లలేదు: 6,500 రూపాయలు పోయాయి. దగ్గరుండి చూసుకోవడానికి భార్య మూడు రోజులు పని మానేసింది: 500 చొప్పున మరో 1,500. డెంగీని గుర్తించే ఎన్ఎస్1, ఐజీఎం పరీక్షలకు ఒక్కోదానికి 300 మించి తీసుకోరాదని 2024లో కర్ణాటక ప్రభుత్వం ఆదేశించింది. రెండూ చేయిస్తే 600. ఆ 600కు రసీదు ఉంటుంది. పోయిన 8,000కు ఏ రసీదూ ఉండదు.

ఆసుపత్రిలో చేరితే లెక్క ఇంకా మారిపోతుంది. అమెరికాలోని బ్రాండైస్ విశ్వవిద్యాలయానికి చెందిన డొనాల్డ్ షెపర్డ్ బృందం మన దేశంలో డెంగీ భారంపై 2014లో ప్రచురించిన అంచనాలో రోగుల్లో చేరినవారు మూడో వంతే. వైద్య ఖర్చులో 82 శాతం వారిదే.

ఇక ఇలాంటి ఇళ్లు ఎన్ని? చిక్కంతా ఇక్కడే. 2006–2012 మధ్య దేశంలో ఏటా సగటున నమోదైన డెంగీ కేసులు 20,474. మదురై జిల్లాలో లోతుగా పరిశీలించి, దాని ఆధారంగా దేశం మొత్తానికి ఆ బృందం తేల్చిన సంఖ్య దాదాపు 57.8 లక్షలు, అంటే 282 రెట్లు! వీధి చివరి క్లినిక్‌లో సూది వేయించుకుని ఇంటికి వెళ్లినవారు సర్కారు పద్దుకు ఎక్కరు మరి. ఇన్ని కేసుల వైద్యానికే ఏటా 54.8 కోట్ల డాలర్లు. కూలి నష్టం, ప్రయాణాలు కలిపితే 111 కోట్ల డాలర్లు.

డబ్బులోకి మారని బాధను కొలవడానికి మరో పద్ధతి ఉంది. అకాల మరణంతో పోయిన ఏళ్లకు, జబ్బుతో గడిపిన కాలాన్ని తీవ్రతను బట్టి తూకం వేసి కలుపుతారు. 0.2 తీవ్రతతో ఆరు నెలలు బాధపడితే 0.1 ఏడాది పోయినట్టు. దోమకాటు జబ్బే అయిన చికున్‌గున్యా 2006లో ప్రబలినప్పుడు దేశం ఇలా 25,588 ఏళ్లు పోగొట్టుకుంది; అందులో 55 శాతం ఒక్క కర్ణాటకదే. మొత్తం భారంలో 69 శాతం జ్వరం తగ్గాక కూడా వదలని కీళ్ల నొప్పులది. పొద్దున లేచేసరికి పిడికిలి బిగించలేరు, బిందె ఎత్తలేరు. ఆదాయ నష్టం కనీసం 39.1 కోట్ల రూపాయలని అంచనా.

జీతం లేని ఇంటి పని ఆగితే, దానికి మనిషిని పెట్టుకుంటే ఎంత ఇవ్వాలో ఆ ధర కట్టవచ్చు. తల్లి మంచం పట్టిందని నీళ్లు పట్టడానికి బడి మానేసిన పిల్ల రోజులకు మాత్రం కూలి రేటు దొరకదు.