ఒక జ్వరం చాటున మరో జ్వరం

వానలు వెనకబట్టి చలి మొదలయ్యే రోజుల్లో జ్వరమొస్తే మలేరియానో, డెంగీయో, టైఫాయిడో అనుకుంటాం. పరీక్షలో ఏదో ఒకటి తేలగానే "అమ్మయ్య, జబ్బేదో తెలిసింది" అని ఊపిరి పీల్చుకుంటాం. కానీ ఒకేసారి రెండు పట్టుకుంటే?

మా పిన్నికి అదే జరిగింది. చిత్తూరు జిల్లాలో పల్లె వాళ్ళది. కలుపు తీతకైనా, గేదెకు గడ్డి కోతకైనా తనే వెళ్ళాలి. వారం రోజులు జ్వరం, తలపోటు. పిక్కలు ముట్టుకోనిచ్చేది కాదు. కళ్ళు ఎర్రబారాయి గానీ పుసి లేదు. టౌన్లో ఆస్పత్రిలో చేర్చితే పరీక్ష చేసి లెప్టోస్పైరోసిస్ అన్నారు. మనం ఎలుక జ్వరం అంటామే, అదే. సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. మూడు రోజులైనా జ్వరం దిగితేనా!

నాలుగో రోజు చీర మారుస్తున్న నర్సమ్మ కంట్లో పడింది, లంగా బొందు కట్టుకునే చోట చిన్న నల్లటి పెచ్చు. సిగరెట్‌తో చురక పెట్టినట్టుంది. నొప్పి లేదు, దురద లేదు. పిన్నికే తెలియదు. డాక్టరుగారు చూసి వెంటనే డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు, పరీక్షకూ పంపారు. స్క్రబ్ టైఫస్ కూడా ఉందని తేలింది. రెండు రోజుల్లో జ్వరం తగ్గుముఖం పట్టింది.

ఈ రెండూ బాక్టీరియా జబ్బులే. ఎలుకలు, పశువులు, కుక్కల మూత్రం కలిసిన నీళ్ళూ బురదా కాళ్ళ పగుళ్ళకు తగిలితే మొదటిది వస్తుంది. రెండోది చిగ్గర్ అనే పురుగు కుడితే వస్తుంది. పశువులను పట్టే గోమార్ల లాంటిదే గానీ కంటికి ఆనదు. పొదల్లో, గడ్డిలో ఉంటుంది, ఎలుకల మీదా బతుకుతుంది. అంటే ఎలుకలున్న ఒక్క చేనే రెండు జబ్బులనూ అంటించగలదు. పైగా జ్వరం, ఒళ్ళునొప్పులు, కామెర్లు, కిడ్నీలు దెబ్బతినడం రెండింట్లోనూ ఉంటాయి.

చిక్కల్లా మందు దగ్గరే. ఎలుక జ్వరానికి వాడే పెన్సిలిన్, సెఫ్‌ట్రయాక్సోన్ స్క్రబ్ టైఫస్‌ని ఏమీ చెయ్యలేవు. డాక్సీసైక్లిన్ రెండింటికీ పనిచేస్తుంది. గర్భిణులకు మాత్రం సాధారణంగా అజిత్రోమైసిన్ ఇస్తారు. అలాగని సొంతంగా కొనుక్కుని మింగకండి.

రక్తపరీక్షనే పూర్తిగా నమ్ముకోవడానికీ లేదు. మొదటి అయిదారు రోజుల్లో జబ్బు ఉన్నా లేదని రావచ్చు. ఒక్కోసారి లేని జబ్బు ఉన్నట్టూ చూపిస్తుంది. అందుకే ఆ నల్ల పెచ్చుకి అంత విలువ. అయితే అది అందరికీ రాదు. వచ్చినా చంకల్లో, రొమ్ముల కింద, గజ్జల్లో, నడుము మడతల్లో, చెవి వెనకాల దాక్కుంటుంది. మన ఆడవాళ్ళం డాక్టరుకి నాలుకా, చెయ్యీ చూపించి వచ్చేస్తాం. ఆయనా మొహమాటపడి ఊరుకుంటాడు. ఈ మొహమాటం ఖరీదు ప్రాణమే కావచ్చు!

అయిదు రోజులు దాటినా జ్వరం తగ్గకపోతే, ఒక జబ్బుకి మందు పడుతున్నా సరే, తలుపేసుకుని అక్కనో కూతురినో పిలిచి ఒళ్ళంతా చూడమనండి. పెచ్చు కనిపిస్తే గిల్లకుండా డాక్టరుకి చూపించండి. పొలానికెళ్ళామనీ, బురదలో తిరిగామనీ, ఇంట్లో ఎలుకలున్నాయనీ ఆయన అడక్కపోయినా చెప్పండి. "డాక్టరుగారూ, ఇంకోటి కూడా ఉందేమో చూస్తారా?" అని అడగండి. మా పిన్ని ఇప్పుడు చేలోంచి రాగానే బట్టలు వేడినీళ్ళలో పడేసి, సబ్బుతో ఒళ్ళు రుద్దుకుని గానీ వంటింట్లోకి రాదు.